నా పేరు మీద కొన్న చిప్పుల షేర్లు

ఆ కంపెనీ షేరు భావ్ పెరిగిన దినం మా అత్తమ్మ నన్ను లక్ష్మి అని పిలిసేది. పడ్డ దినం అసలు పిలిసేదే కాదు. గిన్నెలు చప్పుడు చేసేది, ఆ చప్పుడు విని నేనే పోయి ఏం పనో చూసుకోవాలె. నా పేరు లక్ష్మి గాదు. పొద్దుగాల లేసి మొఖం కడుక్కున్నంక గూడ ఈ దినం నేనెవలనో నాకు తెల్వకపోయేది. మరాఠీ పేపర్ వాకిట్ల పడాలె, మామ అద్దాలు వెట్టుకొని లోపలి పేజీ తియ్యాలె, అప్పుడు తెలిసేది. గదేం బతుకు చెప్పుండ్రి!

ఎనభైలల్ల ముచ్చట ఇది. నాందేడ్‌ల మిల్లు ఎనుక గల్లీల మా అత్తగారిల్లు. మామ మిల్లు ఆఫీసుల గుమస్తా. రిటైరయినంక ఫండ్ పైసలు చేతికచ్చినయి. అత్తమ్మకు, మామకు ముసలితనంల ఆసరా అంటే గవ్వే. మా ఆయన ఊర్లనే వజీరాబాద్ బజార్ల ఒక దుకాణంల రేడియోలు, టీవీలు బాగుచేసేటోడు. ఆయన జీతం బియ్యానికి, కూరగాయలకు బరాబర్ అయ్యేది.

టీవీ మా ఊరికి గప్పుడే అచ్చింది. ఇంటి మీద యాంటెనా ఉన్నోడే గొప్పోడు. ఒకనాడు మా ఆయన కాలిపోయిన ఐసీ చిప్పు ఒకటి జేబుల వేసుకొని ఇంటికచ్చిండు. నల్లగ, చిన్నగ, రెండు దిక్కుల జెర్రి లెక్క కాళ్లు. మామ దాన్ని అరచేతుల వెట్టుకొని అటు తిప్పి ఇటు తిప్పి చూసిండు.

"గింత దానికేనా టీవీ ఆగిపోయింది?"

"అంత దీంట్లనే ఉంటది నాన్నా. ఇది కాలితే టీవీ ఉట్టి డబ్బా."

ఆ మాట మామ దిమాఖ్‌ల పడ్డది. ఆయన బతుకంత పత్తి మధ్యల గడిసింది. కండ్ల ముందల మిల్లు కుంటుకుంట నడుస్తుంటే చూసిండు. ఆ తర్వాత కొన్నొద్దులకు పుణె దిక్కు ఒక కంపెనీ, గా చిప్పులే చేస్తదంట, జనానికి షేర్లు ఇస్తున్నదని పేపర్ల పడ్డది. ఇగ ఆయనకు నిద్ర లేదు. "బట్టకు గిరాకి పోయింది. ఇగ అచ్చేదంత దీని గిరాకే. టీవీల ఇదే, చేతి గడియారంల ఇదే, లెక్కలు చేసే మిషిన్ల ఇదే. రేపు దఫ్తర్‌లల్ల కంప్యూటర్లు వెడ్తరంట, అండ్ల గంపలకు గంపలు కావాలె," అని వాకిట్ల కూసొని అచ్చిపోయెటోళ్లకు చెప్పేటోడు.

"దేనితోని చేస్తరు దాన్ని?" అని అత్తమ్మ అడిగింది.

"ఇసుకతోని."

"అవ్వ! గోదారి నిండ ఇసుకనే గదా. మనమే చేసుకోరాదుండ్రి?"

మామ నవ్విండు. ఆయన గట్ల నవ్వుడు నేను మొదటిసారి అప్పుడే విన్న.

షేర్లు అడిగినోళ్లందరికి దొరకయి, చిట్టీలు తీసినట్టు కొందరికే అస్తయి. అందుకని ఇంట్ల ఎంతమంది ఉంటే అందరి పేర్ల మీద అర్జీ వెడ్తరు. మామ తన పేరు మీద, అత్తమ్మ పేరు మీద, మా ఆయన పేరు మీద వెట్టిండు. నేను ఆ ఇంట్ల కాలువెట్టి ఇంక నెల గూడ కాలేదు. "కొత్త కోడలు పేరు మీద గూడ ఒకటి వెయ్యుండ్రి, ఏం పోయింది," అన్నది అత్తమ్మ. దొరికింది నా ఒక్క పేరుకే.

అయిపోయింది. ఆ దినం నుంచి నా కాలు గురించి గల్లీ అంత ఒకటే ముచ్చట. కోడలు కాలువెట్టిన వేళ మంచిది, ఈమె పేరు మీద ఏది కొన్నా కలిసొస్తది అని అత్తమ్మ తేల్చేసింది. ఇంతకాలం మిల్లుల లెక్కలు రాసిన మామ, ఒక్క పైస తేడా అస్తె మల్ల మొదటి నుంచి కూడేటోడు, ఆయన గూడ తల ఊపిండు. తర్వాత బజార్ల నుంచి కొన్న షేర్లు గూడ నా పేరు మీదనే కొన్నడు. ఫండ్ అంత, ఒక్క పైస మిగలకుండ, నా పేరు మీదికి అచ్చింది. తన పేరు మీద ఒక్కటి ఉంచుకోలె. గిట్ల మేం తప్ప ఇంకెవలన్న చేస్తరా?

కంపెనీ పంపిన కాయిదాలు దేవుని గూట్ల వెట్టిండ్రు. అత్తమ్మ శుక్రారం శుక్రారం వాటికి పసుపు కుంకుమ వెట్టేది.

ఇంకో ముచ్చట చెప్పాలె. మా అత్తగారింట్ల మామ, కోడలు ఎదురెదురుగ మాట్లాడుకునుడు లేదు. ఆయనకు నీళ్లు కావాలంటే "ఇంట్ల నీళ్లున్నయా" అని దర్వాజను అడిగేటోడు. నేను చెంబు గడప కాడ వెట్టి ఒక దగ్గు దగ్గేది. అత్తమ్మ ఉంటే మాటలు ఆమె నోటి మీదికెల్లి అటు ఇటు పోయేవి. సంతకాలు గూడ గట్లనే. ఆమె కాయిదం వంటింట్లకు తెచ్చేది, నేను తడి చేతులు కొంగుకు తుడుసుకొని మరాఠీల సంతకం చేసిచ్చేది. మా అమ్మగారింట్ల గిట్ల లేకుండె. నాకు మొదటి నుంచి నోరు ఎక్కువ, ఈ దగ్గుడు నాతోని అయ్యేది కాదు. గని కొత్త కోడలు ఏమంటది?

భావ్ పెరగవట్టింది. మిల్లుల పనిచేసినోళ్లు, వాళ్ల ఆడోళ్లు నన్ను చూసిపోనీకి అచ్చేటోళ్లు. ఇంకేవో కంపెనీల అర్జీలు తెచ్చి "జర చెయ్యి తాకిచ్చు బిడ్డా" అనేటోళ్లు. నవ్వొచ్చేది నాకు. ఆ నవ్వు ఎక్కువ దినాలు ఉండలె.

మా అమ్మగారూరు దెగ్లూర్‌ల అమ్మకు జరమచ్చింది. మా అన్న సర్కార్ ఎస్టీ బస్సుల నన్ను తీసుకపోను అచ్చిండు. ఆ దినం శుక్రారం. లక్ష్మి శుక్రారం గడప దాటొద్దని అత్తమ్మ అన్నది. సరే, రేపు పోత అన్న. మరునాడు పేపర్ల భావ్ జర దిగింది. "పోవాల్నని మనసుల అనుకుంటేనే దిగింది, చూసినవా? ఇగ పోతే ఏమైతదో!" అన్నది. మా అన్న చాయ్ తాగి ఒక్కడే ఎల్లిపోయిండు. నేను పెరట్ల బట్టలు ఉతుకుకుంట ఏడ్సిన. లక్ష్మికి అమ్మ ఉండదా? ఆమెకు జరం రాదా? అమ్మ బాగైంది, గని నేను పోలేదన్న మంట నా కడుపుల నుంచి పోలె.

గప్పుడే మా ఆయన ఒకనాడు పగటి బువ్వకు అచ్చి, పెరట్ల చేతులు కడుక్కుంట మెల్లగ చెప్పిండు. "నాన్నకు చెప్పకు. ఆ కంపెనీ ఐసీలు మా దుకాణంల డ్రాయర్ నిండ పడి ఉన్నయి. ఎవలు తీసుకుంటలేరు."

"ఎందుకు? గిరాకి మస్తున్నదని మామ అంటున్నడు గదా?"

"గిరాకి ఉన్నది. దానికి లేదు. మన ఊరి కరెంటు సంగతి తెలుసు గదా, ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ. అవి తట్టుకుంటలెవ్వు. బంబయి నుంచి బయటి దేశం మాల్ అస్తున్నది, ధరకు సస్తా, కాలదు. సేటు గూడ గదే తెమ్మంటుండు."

 దేశం నిండ టీవీలు అమ్ముడుపోవచ్చు, చిప్పులు అమ్ముడుపోవచ్చు, మన కంపెనీ మాల్ డ్రాయర్ల పడి ఉంటే మనకేం అస్తది? గింత సీదా ముచ్చట. "పోయి చెప్పు నాన్నకు," అన్న. "నువ్వు చెప్పకపోతే నేను దర్వాజకు చెప్త," అన్న. ఆయన నవ్వలె. బుగులు పడ్డడు.

మొత్తానికి ఆ ఆదివారం బువ్వ తినుకుంట చెప్పిండు. మామ ముద్ద ఆపి కొడుకు దిక్కు చూసిండు.

"స్క్రూలు తిప్పెటోనికి మార్కెట్ ఏం తెలుసు? వజీరాబాద్ దుకాణంల అమ్ముడుపోకపోతే దేశంల అమ్ముడుపోదా?"

"నాన్నా, జర కొన్నన్న అమ్ముండ్రి..."

"ఇంట్ల లక్ష్మి ఉన్నదని మీ అమ్మ అంటది, బయటికి తోలమని నువ్వంటవు. తిను నిమ్మలంగ."

కథ అక్కడికి ఒడిసింది. ఆ నెలలనే భావ్ దిగుడు మొదలైంది. ఒక దినం జర, ఇంకో దినం ఇంక జర. ఎక్కేటప్పుడు మెల్లగ ఎక్కింది గని దిగేటప్పుడు ఎవలో ఎనుక నుంచి నూకినట్టే దిగింది. సర్కార్ బయటి మాల్‌కు పన్ను తక్కువ చేసిందని పేపర్ల పడ్డది. మామ పేపర్ మడిసి తొడ కింద వెట్టుకొని కూసునేటోడు, ఇంకెవలు చూడొద్దని.

అత్తమ్మకు పన్నులు, బయటి మాల్ ఏం తెలుసు? ఆమెకు కనవడేది నేనే. చెంబు కింద పడితే నేను. పాలు విరిగితే నేను. పక్కింటామె అస్తే నాకు ఇనవడేటట్టే అనేది: "ఆ శని ఇంట్ల ఉన్నంతసేపు షేరు లేస్తదా? దెగ్లూర్‌ల దించొచ్చి చూస్తే తెలుస్తది." అమ్మకు జరమచ్చినప్పుడు పోనియ్యలె, ఇప్పుడు దించొస్తరంట!  ఇంకోనాడు ఇంకో మాట అన్నది. వాళ్ల దూరపు సుట్టాలల్ల ఒకడు కాలు మంచిది కాదని పెండ్లాన్ని పంపిచ్చి మల్ల పెండ్లి చేసుకున్నడంట, ఇప్పుడు మంచిగున్నడంట. ఆ మాట ఇన్నంక నాకు బువ్వ లోపలికి పోలె. మా ఆయన గట్లాంటోడు గాదు. గని వాళ్ల అమ్మ ముందల నోరు లేవనోడు, ఆయన మీద ఎంత ధైర్నం వెట్టుకోవాలె?

ఆఖరికి అత్తమ్మ మాహూర్ అమ్మవారికి మొక్కుకుంటనని బయలెల్లింది. చీర, గాజులు, కొబ్బరికాయ మూట కట్టుకొని, బస్సెక్కేముందు గడప కాడ నిలవడి అన్నది: "దర్శనం చేసుకొని రేపస్త. అప్పటిదాక గూడ ఆ షేరు లేవకపోతే, ఇగ నీ ముచ్చట నేను తేల్చుకుంట." ఆమె మాటంటే మాటే. మా ఆయన గూడ ఆ పొద్దుగాలనే గోకుంద దిక్కు ఎవలో కాంట్రాక్టర్ ఇంట్ల టీవీ చెడిపోయిందని ఎల్లిపోయిండు. ఇంట్ల ఇగ మామ, నేను.

పగటి పూట షేర్ల ఏజెంట్ సైకిల్ మీద ఊపిరాడకుంట అచ్చిండు. ఆయన మరాఠీ మనిషి. బంబయికి ట్రంకాల్ చేసిండంట. ఆ కంపెనీ మాల్‌ను పెద్ద పెద్ద టీవీలోళ్లు వద్దన్నరంట. ఇంక దిగుతదంట. ఈ భావ్‌కు కొనెటోడు ఒక్కడు దొరికిండు, గని కాయిదాలు ఇయ్యాలనే పోవాలె. మధ్యాహ్నం రైల్ల తన మనిషి పోతున్నడు.

"అమ్మేస్త," అన్నడు మామ. ఒక్క నిమిషం గూడ ఆలోచన చెయ్యలె. ఇన్ని దినాలు తొడ కింద వెట్టుకున్న పేపర్లే ఆయన తోని ఆ మాట అనిపిచ్చినయి.

"మగ సూన్‌బాయించీ సహీ పాహిజే," అన్నడు ఏజెంట్. కోడలు సంతకం కావాలె అని.

మామ నా దిక్కు తిరిగిండు. నా దిక్కంటే, వంటింటి దర్వాజ దిక్కు. నేను ఎనుకనే నిలవడ్డ. అంత ఇన్న.

"ఇంట్ల... సంతకం వెట్టేటోళ్లు ఉన్నరా?" అని అడిగిండు దర్వాజను.

నేను దగ్గలె.

"రైలుకు టైం అయితున్నదంట," అన్నడు మల్ల. ఈసారి గోడకు చెప్పిండు.

నా లోపల ఏం నడుస్తున్నదో దేవునికి తెలుసు. సంతకం వెట్టకపోతే వాళ్ల ముసలితనం ఆసరా మట్టిల కలుస్తది, నేను శనినే. వెడితే, రేపు అత్తమ్మ మాహూర్ నుంచి దిగి "నేను మొక్కుకోను పోతే నువ్వు లక్ష్మిని అమ్ముకున్నవు" అంటది, దెగ్లూర్ బస్సెక్కిస్తది. అటు చేసినా నా నెత్తికే, ఇటు చేసినా నా నెత్తికే. ఏజెంట్ గడియారం చూసుకుంటుండు. మామ దమ్ము తీసుకునుడు నాకు ఇనవడ్తున్నది.

కొంగు నెత్తి మీదికి గుంజుకొని బయటికచ్చిన.

మామ ఎనుకకు ఒక అడుగు వేసిండు. ఏజెంట్ నోరు తెరుసుకొని చూసిండు.

"మామా," అన్న. నా గొంతు నాకే కొత్తగ ఇనవడ్డది. "సంతకం వెడ్త. గని గోడ పేరు మీద లేవు షేర్లు. నన్నడుగుండ్రి."

ఆయన మొఖం ఎర్రవడ్డది, మల్ల తెల్లవడ్డది. తిడ్తడనుకున్న. తిట్టినా సరే అనుకున్న.

"రేపు అత్తమ్మ నన్ను లక్ష్మిని అమ్ముకున్నదంటది. నా కాలు మంచిది కాదంటది. నన్ను పంపిస్తది. అప్పుడు మీరు ఏమంటరు? గప్పుడు గూడ దర్వాజకే చెప్తరా?"

ఆయన వాకిట్ల గచ్చు మీద కూలవడ్డట్టే కూసున్నడు. నేను నిలవడి ఉన్న, ఆయన కూసొని ఉన్నడు, గట్ల మా ఇంట్ల ఎన్నడు కాలేదు. తల పైకెత్తి నా మొఖం చూసి మాట్లాడిండు.

"బిడ్డా. పైసలు నాయి. ఆశ నాది. నీ కాలుకు, దీనికి ఏం సంబంధం? రోజు పేపర్ సదివేటోన్ని, నాకు తెల్వదా గది? తెలుసు. తెలిసే ఊకున్న. పెరిగేటప్పుడు నీ పేరు చెప్పుకుంటే నాకు నిమ్మలముండె. దిగేటప్పుడు మీ అత్త నిన్ను అంటుంటే, నన్ను ఎవలు అంటలేరు గదా అని..."



ఓ యమ్మ, నాకు జాలి రాలె. కోపమచ్చింది. అత్తమ్మ తెల్వక అన్నది, ఆమె మీద గూడ నాకు గింత కోపం రాలె. ఈయన తెలిసి ఊకున్నడంట! నేను పెరట్ల ఏడ్సిన ఏడుపులన్ని ఈయనకు ఇనవడ్తనే ఉండె.

"తెలిసి ఊకున్నరా?" అన్న.

"ఊకున్న," అన్నడు. "వెట్టు బిడ్డా సంతకం. మీ అత్తకు నేను చెప్త."

దేవుని గూట్లకెల్లి కాయిదాలు తీసిన. పసుపు, కుంకుమ రాలి చేతులకంటింది. ఏజెంట్ ఒక్కొక్కదాన్ని దులిపి, నంబర్లు కనవడ్తున్నయా లేవా అని ఎలుగుల వెట్టి చూసిండు. కనవడ్డయి, దేవుని దయ. అమ్మకం కాయిదాల మీద సంతకాలు వెట్టుకుంట పోయిన. మొదటి అర్జీల ఎట్ల వెట్టిన్నో గట్లనే ఉండాలె, జర తేడా అస్తే కంపెనీ వాపస్ పంపుతది అని ఏజెంట్ పది తీర్ల చెప్పిండు. కోపంల చేతులు ఒణుకుతుంటే అచ్చరాలు సక్కగ వెట్టుడు ఎంత కష్టమో నాకు అప్పుడు తెలిసింది. ఎడమ చేతితోని కుడి చేతి మణికట్టు పట్టుకొని వెట్టిన. సాక్షి సంతకం మామ వెట్టిండు. దానికోసం నా పక్కకు జరిగి కూసోవాల్సొచ్చింది.

ఇద్దరు స్టేషన్ దిక్కు ఉరికిండ్రు. ఏజెంట్ సైకిల్ మీద, మామ ఎనుక క్యారియర్ మీద, కాయిదాల సంచి కడుపుకు పట్టుకొని.

పొద్దుమీకి అచ్చిండు. రైలు అందిందంట. "కొన్నదాంట్ల సగం కన్న జర ఎక్కువ చేతికస్తది," అన్నడు. నాకే చెప్పిండు, దర్వాజకు గాదు. "నీ పేరు మీద ఇగ ఏం లేదు."

ఆ మాటకు నెత్తి మీది మూట దించినట్టైతదనుకున్న. కాలె. భయమైంది. నా పేరు మీద ఏం లేదు. మరి ఈ ఇంట్ల నేనేంది? రేపు అత్తమ్మ అడిగితే ఈయన నిజంగ చెప్తడా, మల్ల పేపర్ మడిసి కూసుంటడా? ఆ దినం పొయ్యి కాడ కూసొని అదే ఆలోచన.

మరునాడు అత్తమ్మ అచ్చింది. చేతుల అమ్మవారి తాంబూలం ప్రసాదం. చెప్పులిడిసి సీదా దేవుని గూటి కాడికి పోయింది. గూడు ఖాళీ.

"లక్ష్మిని ఎవలు తీసిండ్రు?" అని ఒర్రింది. నా దిక్కు తిరిగింది. "నువ్వేనా? నేను లేంది చూసి..."

నేను మామ దిక్కు చూసిన. ఆయన అప్పుడే అచ్చిన పేపర్ పట్టుకొని నిలవడి ఉన్నడు. అండ్ల ఆ షేరు ఇంక దిగింది. ఆయన గొంతు సాఫ్ చేసుకున్నడు. 

"నేను తీసిన. నేనే అమ్మిన," అన్నడు. "అండ్ల లక్ష్మి లేదు, శని లేదు. నేను చేసిన యాపారం అది. ఈ పిల్లను ఇగ గా పేర్లతోని పిలువకు. ఈమె ఉట్టి కోడలు. ఇంట్ల కోడలు ఎట్లుంటదో గట్ల ఉంటది."

 ఆయన గట్ల నా దిక్కు చెయ్యి చూపెట్టి మాట్లాడుడు అత్తమ్మ జన్మల చూడలె. తాంబూలం నా చేతుల వెట్టకుంటనే లోపలికి పోయింది. రెండు దినాలు ఎవలతోని మాట్లాడలె. దెగ్లూర్ బస్సు ముచ్చట గూడ తియ్యలె.

మూడో దినం బువ్వ కాడ ఒక ముద్ద నోట్ల వెట్టుకొని మొఖం వంకర చేసింది. "ఏం పప్పే ఇది! ఉప్పు బస్తల నుంచి సీదా పోసినవా? మీ అమ్మ ఏం నేర్పలేదానే నీకు?" అని గల్లీ అంత ఇనవడేటట్టు తిట్టింది.

నేను గూడ ఒక ముద్ద తిన్న. నిజమే, ఉప్పు మస్తు ఎక్కువైంది, నోట్ల వెట్టరాకుంటున్నది. ఆ తిట్టు నాదే. మరాఠీ పేపర్‌కు, బంబయికి, గా చిప్పులకు దాంతోని ఏం సంబంధం లేదు. ఆ ఇంట్లకచ్చినంక మొదటిసారి నేను చేసిన పనికే నన్ను తిట్టిండ్రు. నాకు నవ్వాగలె, ఏడుపాగలె. "ఇగ సక్కగ వేస్త అత్తమ్మా," అన్న, ఆ ఉప్పు పప్పుతోనే కడుపు నిండ తిన్న.